మణికట్టు మీద మూడు నొక్కులు

మా నాన్న రాక్షసుడు. తిట్టడం లేదు, ఆయన చేసిన పని చెబుతున్నాను. నేను పుట్టడానికి రెండేళ్ల ముందు ఒక నలుపు తెలుపు సినిమాలో, సరస్సు అడుగున బతికే నీటి మనిషి వేషం వేశాడు. ఒళ్లంతా పొలుసులు, మెడకి అటూ ఇటూ మొప్పలు, వేళ్ల మధ్య తోలు, కప్ప మొహం. అందులోనూ ఆయన సగం రాక్షసుడే. నేల మీద నడిచే సీన్లన్నీ ఒక ఆరడుగుల ఫైటరు చేశాడు, తెర మీద అతని పేరే పడింది. నీళ్లలో ఈదే సీన్లన్నీ మా నాన్నవి. ఆయన పేరు వేయలేదు. వేయమని ఆయన అడగనూ లేదు. నోట్లో నాలుక లేని మనిషి, ఏమడుగుతాడు!

ఆ తర్వాత జీవితమంతా మా ఊరి ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పాడు. ఊళ్లో సగం మంది ఆయన చేతి కింద నీళ్లు మింగినవాళ్లే. ఎదురుగా "మాస్టారూ" అనేవాళ్లు, వెనక "మొప్పలాయన" అనేవాళ్లు. ఆయన రెంటికీ పలికేవాడు.

నాకు మాత్రం ఆ మొప్పలు మెడకి గుదిబండ అయ్యాయి. ఆ సినిమా ఏడాదికోసారి మా ఊరికి మళ్లీ వచ్చేది, వచ్చినప్పుడల్లా బళ్లో నేను "కప్పపిల్ల"నయ్యేదాన్ని. ఎలాగో బడి మారాను. కొత్త బళ్లో తండ్రి వృత్తి అన్నచోట "గుమాస్తా" అని రాశాను. ఐదో తరగతిలో ఉండగా ఒకరోజు వాన ముంచుకొచ్చింది. నాన్న కొలను మూసేసి నేరుగా బడికి వచ్చాడు, చేతిలో నా గొడుగు. పొట్టి చేతుల చొక్కా, తడి జుట్టు, నీళ్లలో నాని తెల్లబడి ముడతలు పడ్డ వేళ్లు. వరండాలో నా పక్కన ముగ్గురు నేస్తాలున్నారు.

"ఎవరే ఆయన?" అంది ఒకతి.

"మా ఇంట్లో కుళాయిలు బాగుచేసే మనిషి" అన్నాను. నాన్న నాలుగడుగుల దూరంలో ఉన్నాడు, వినపడుతుందని తెలిసే అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. తర్వాత గొడుగు నా చేతికిచ్చి, "పాపగారూ, ఇంట్లో అమ్మగారు ఇచ్చి రమ్మన్నారండీ" అని, వానలో తడుస్తూ వెళ్లిపోయాడు. సాయంత్రం ఇంటికెళ్తే ఒక్క మాట అనలేదు. చెంప పగలగొట్టినా బాగుండేది. ఎవరు ఏ వేషం ఇచ్చినా వేసేసే మనిషి అనుకున్నాను అప్పట్లో. చిన్నతనం కదా, ఆయన్ని కాస్త తక్కువగా కూడా చూశాను. ఇప్పుడు తలుచుకుంటే తల కొట్టేసినట్టుంటుంది.

ఆయనకి ఇంకో వింత ఉండేది. ఎండైనా చలైనా పొట్టి చేతుల చొక్కాలే. చేతికి గడియారం కూడా పెట్టుకోడు. "మీ నాన్నకి చొక్కా కుట్టిస్తే దర్జీ పిల్లాడికి లాగు మిగులుతుంది" అనేది అమ్మ. కండలు చూపించుకోవాలని సరదా కాబోలనుకునేదాన్ని. అమ్మా అలాగే అనుకుంది, అలాగే అనుకుంటూ పోయింది.

లోకం తీరు చూడండి, పాతబడేకొద్దీ ఆ సినిమా గొప్పదైపోయింది. కుర్రకారు టీ షర్టుల మీద ఆ కప్ప మొహం అచ్చేసుకుని తిరగడం మొదలుపెట్టారు. అందులో ఒక షాట్ ఉంది. నీటి మనిషి స్పృహ తప్పిన హీరోయిన్‌ని రెండు చేతుల్లో వేసుకుని, సరస్సు అడుగునున్న తన గుహ వైపు ఈదుకుంటూ పోతాడు. ఆమె జుట్టు, చేతులు, తెల్ల గౌను నీళ్లలో అలా తేలుతూ ఉంటాయి. నిమిషం కూడా ఉండదు. ఆ నిమిషం గురించి పేజీలకి పేజీలు రాశారు. రాక్షసుడి చేతుల్లో ఎంత జాలి ఉందో అని ఒకాయన, ఆ అమ్మాయి చచ్చిన చేపలా ఎంత బాగా నటించిందో అని ఇంకొకాయన.

నేను కళ్లద్దాల దుకాణంలో పని చేస్తాను. కుళాయిల మనిషి కాస్తా మళ్లీ నాకు నాన్న అయిపోయాడు. అద్దాలు కొలిపించుకోవడానికి వచ్చిన వాళ్లనల్లా "ఆ షాట్ చూశారా? ఆ చేతులు మా నాన్నవే" అని కదిలించేదాన్ని. బెల్లం ఉన్నచోటే ఈగలు ముసురుతాయంటారు, ఆ ఈగల్లో మొదటిదాన్ని నేనే.

మొన్నీమధ్య మా ఊరి పాత సినిమా హాలు మేనేజరు ఇంటికొచ్చాడు. హాలు కట్టి యాభై ఏళ్లయిందట. ఆదివారం మ్యాటినీకి ఆ సినిమా వేసి, తర్వాత నాన్నని స్టేజి మీదికి పిలిచి ఒక జ్ఞాపిక ఇస్తారట. నాన్న వద్దన్నాడు. ఆయన తరఫున నేను సరేనన్నాను.

"ఇంకో సంగతండీ, హీరోయిన్‌కి డూప్ చేసిన అమ్మాయి కూడా దొరికింది. అమ్మాయేమిటిలెండి, అరవై దాటాయి. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరు చేసే పని చేసి రిటైరైందట. వస్తానంది" అన్నాడు మేనేజరు.

నాన్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ రోజు నుంచి ఆదివారం దాకా తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. నొప్పి ఉంది, అరిచే వీల్లేదు. ఒంట్లో బాగాలేదన్నాడు, కడుపులో వికారమన్నాడు. నేను వినలేదు. ఆయన కోసం కొత్త కోటు కూడా కొన్నాను.

ఆదివారం పొద్దున ఆ కోటుకి ఇస్త్రీ చేస్తుంటే నాన్న వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఎడమ చెయ్యి చాపి, "ఇక్కడ నొక్కు" అని మణికట్టు చూపించాడు. నొక్కాను.

"తెలుస్తోంది" అన్నాడు. తర్వాత తువ్వాలు నాలుగు మడతలు పెట్టి మణికట్టుకి చుట్టుకున్నాడు, దాని మీద కోటు చెయ్యి తొడుక్కున్నాడు, మొహం పక్కకి తిప్పుకున్నాడు. "ఇప్పుడు నొక్కు."

మళ్లీ నొక్కాను.

"నొక్కావా?"

"నొక్కాగా!"

"నాకు తెలియలేదు తల్లీ" అని ఏడ్చాడు. అమ్మ పోయినప్పుడు కూడా ఆయన ఏడవగా చూడలేదు నేను. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఆయన్ని కూర్చోబెట్టాను. నలభై అయిదేళ్లుగా కడుపులో దాచుకున్నది అప్పుడు చెప్పాడు.

ఆ వేషం ఒక రబ్బరు మేస్త్రీ తయారుచేశాడు. నాన్న ఒంటికి అచ్చు తీసి, ఆ అచ్చుతో రబ్బరు ముక్కలు పోసి, రోజూ ఒంటి మీదే జిగురుతో అతికేవాడు. తొడగడానికి రెండు గంటలు పట్టేది. రబ్బరు తేలుతుంది కాబట్టి మునగడానికి ఛాతీకీ పిక్కలకీ సీసం పలకలు కట్టేవాళ్లు. బయటికి చూడాలంటే రాక్షసుడి నోట్లో ఉన్న చీలికే గతి. వీపుకి గాలి సిలిండరు కట్టుకోవడానికి లేదు, రాక్షసుడికి సిలిండరేమిటి! అందుకని కెమెరాకి అందకుండా ఒక మనిషి గాలి గొట్టం పట్టుకుని నీళ్లలోనే ఉండేవాడు. దాంట్లోంచి నాలుగు గుక్కలు పీల్చి, గొట్టం వదిలేసి, ఊపిరి బిగబట్టి నటించాలి. ఇక తన వల్ల కాదనుకుంటే ఒళ్లు పూర్తిగా వదిలేయాలి. అదే గుర్తు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటే గుర్తుగా పనికిరాదు, రాక్షసుడు కొట్టుకోవడం కథలోనే ఉంటుంది కదా. ఒళ్లు వదిలేయగానే గొట్టమాయన ఈదుకుంటూ వచ్చి గాలి అందించేవాడు.

ఎత్తుకుపోయే సీను దగ్గరకొచ్చేసరికి చిక్కు వచ్చింది. హీరోయిన్‌కి ఈత రాదు. డూప్‌గా వచ్చిన పిల్లకి పందొమ్మిదేళ్లు, ఈత పోటీల్లో నెగ్గి వచ్చింది. కానీ స్పృహ తప్పినట్టు నటించాలి కాబట్టి ఆ పిల్ల మొదట్నుంచీ ఒళ్లు వదిలేసే ఉంటుంది. వదిలేసిన ఒళ్లు ఇంకేం వదులుతుంది? అందుకని ఇద్దరూ కూర్చుని వేరే గుర్తు పెట్టుకున్నారు. తన నడుం కిందుగా వచ్చే నాన్న ఎడమ మణికట్టుని ఆ పిల్ల మూడుసార్లు నొక్కాలి. కెమెరాకి కనబడదు, నాన్నకి తెలుస్తుంది, వెంటనే పైకి తెచ్చేస్తాడు. రెండు రోజులు సాధన చేశారు. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లూ తెలిసింది. ఎందుకంటే గ్లౌజుకీ చేతికీ అతుకు సరిగ్గా మణికట్టు దగ్గరే, అక్కడ రబ్బరు పల్చన.

పల్చన కాబట్టి రోజూ చిరిగేదీ అక్కడే. నీళ్లు దూరి, రబ్బరు ఒరుసుకుని, నాన్న మణికట్టు పుండైపోయింది. షూటింగ్ రోజు పొద్దున "మేస్త్రీ, మంట పుడుతోందయ్యా, ఇక్కడ ఇంకో రెండు పొరలు వెయ్యి" అన్నాడు. మేస్త్రీ వేశాడు. హాయిగా ఉంది. నాన్న వేళ్లు కదిపి చూసుకున్నాడు, మోచెయ్యి మడిచి చూసుకున్నాడు. ఆ పిల్లని పిలిచి ఒక్కసారి నొక్కి చూడమనడం మాత్రం తోచలేదు.

షాట్ అద్భుతంగా వచ్చింది. కొలను గోడలోని గాజు కిటికీ వెనకున్న డైరెక్టరు ఆనందంతో కట్ చెప్పడం కూడా మర్చిపోయాడు. నాన్న గుహ దాకా ఈదాడు. అక్కడ గొట్టం అందుకుని ఆ పిల్ల నోటికి పెట్టబోతూ చీలికలోంచి ఆమె మొహం చూశాడు. మూసి ఉండాల్సిన కళ్లు తెరిచి ఉన్నాయి.

గట్టు మీద పడుకోబెట్టి నీళ్లు కక్కించారు. బతికింది. నెలన్నర ఆసుపత్రిలో ఉంది. ఆ గట్టు మీదే డైరెక్టరు నాన్నని అడిగాడు, "నొక్కిందా?" అని. "లేదు సార్, నొక్కలేదు" అన్నాడు నాన్న.

"ఆ మాట అన్నప్పటికి అబద్ధం కాదు తల్లీ" అన్నాడు నాతో. "నిజంగా నాకు తెలియలేదు. గంట తర్వాత మేస్త్రీ ఆ రబ్బరంతా కత్తిరించి తీస్తుంటే మూడు పొరలూ కనబడ్డాయి. పక్కన పడేయబోతున్న ముక్కని మణికట్టు మీద పెట్టుకుని నేనే నొక్కి చూసుకున్నా. ఏమీ తెలియలేదు. మేస్త్రీ నా మొహం చూశాడు, నేను మేస్త్రీ మొహం చూశా. ఇద్దరం నోరు మూసుకున్నాం. అప్పట్నుంచీ అది అబద్ధమైంది."

"ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"మీ అమ్మతో పెళ్లి కుదిరింది. కొలనులో ఉద్యోగం వచ్చేట్టుంది. ఒక పిల్లని ముంచినవాడి చేతుల్లో పిల్లల్నెవరు పెడతారు?"

కంగారులో గుర్తు మర్చిపోయిన పిల్ల అని ఆమెకి పేరు పడిపోయింది. ఇంక ఏ సినిమావాళ్లూ పిలవలేదు. మళ్లీ నీళ్లలోకే దిగలేదని నాన్న ఎవరి ద్వారానో విన్నాడట. ఆ రోజు నుంచీ ఆయన మణికట్టు మీదికి గుడ్డ రానివ్వలేదు.

ఇదంతా విని నేనేమన్నానో చెప్పాలి. చెప్పుకుంటే సిగ్గుచేటు, అయినా చెప్పాలి. "ఇప్పుడెందుకు నాన్నా ఇదంతా! నలభై అయిదేళ్లైంది. ఆవిడ ఎప్పుడో మర్చిపోయి ఉంటుంది. మరీ చెప్పాలనుంటే తర్వాత ఎప్పుడైనా ఇంటికెళ్లి చెబుదాం. అందరి ముందూ మాత్రం వద్దు" అన్నాను. అందరూ అంటే ఎవరో కాదు, మా దుకాణంవాళ్లు పదకొండు మంది. నేనే బతిమాలి రప్పిస్తున్నాను. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నేను కోటు తొడిగాను.

హాల్లో మొదటి వరుసలో నాన్నకి అటు నేను, ఇటు ఆవిడ. పొట్టి మనిషి, కత్తిరించిన నెరిసిన జుట్టు, మంచి నవ్వు. "గుర్తుపట్టారా మాస్టారూ? నాకు మీ మొహం కంటే ఆ కప్ప మొహమే బాగా గుర్తు" అంది. నాన్న నవ్వబోయాడు, రాలేదు.

ఆ షాట్ రాగానే హాలంతా చప్పట్లు. వెనక నుంచి మా దుకాణంవాళ్లు ఈలలు వేశారు. ఎన్నోసార్లు చప్పట్లు కొట్టిన షాటే, ఆ రోజు నా చేతులు లేవలేదు. తెర మీద ఒక పిల్ల మునిగిపోతోంది, జనం ముచ్చటపడుతున్నారు. ఆవిడా చప్పట్లు కొట్టలేదు. ముందుకి వంగి, కళ్లు చిట్లించి, తెరలో ఏదో వెతుకుతోంది. షాట్ అయిపోగానే వెనక్కి వాలింది.

"కనబడదు" అంది.

"ఏమిటండీ?" అన్నాను నేను.

"నా చెయ్యి. నొక్కానో లేదో కనబడుతుందేమోనని ఈ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. సరిగ్గా అక్కడికొచ్చేసరికి మీ నాన్నగారి భుజం అడ్డం" అని నవ్వింది. నాన్న మా ఇద్దరి మధ్యా కూర్చుని ఆ మాట విన్నాడు.

సినిమా అయ్యాక ఇద్దర్నీ స్టేజి మీదికి పిలిచారు. మైకు ముందు ఆవిడకిచ్చారు.

"ఆ రోజు తప్పు నాదేనండీ" అంది. "నొక్కాననే నాకు అనిపించేది. కానీ నొక్కలేదనే అందరూ అన్నారు. నీళ్లలో మతి పోయినప్పుడు చేయనివి కూడా చేసినట్టు అనిపిస్తాయని డాక్టరు చెప్పాడు. మా ఇంట్లోవాళ్లూ అదే అన్నారు. పోను పోను నన్ను నేనే నమ్మడం మానేశాను. పోస్టాఫీసులో ఒక్కో ఉత్తరం గూట్లో వేసి, మళ్లీ తీసి చూసి వేసేదాన్ని. అందరూ నవ్వేవాళ్లు. ఏం చేస్తాం, నా చెయ్యి చేసిందో లేదో నాకే నమ్మకం లేదు. పోనివ్వండి. ఈ మాస్టారే నన్ను పైకి తీశారు. ఆయన లేకపోతే నేను లేను."

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మైకు నాన్న చేతికొచ్చింది. ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. బడి వరండాలో గొడుగు పట్టుకుని ఆగినప్పటి చూపు. ఏ వేషం వెయ్యమంటావు తల్లీ అని అడిగే చూపు. నేను తల అడ్డంగా ఊపాను. వద్దు నాన్నా, చెప్పొద్దు.

ఆయన మైకు బల్ల మీద పెట్టి, నేను కొన్న కోటు విప్పి కుర్చీకి తగిలించి, పొట్టి చేతుల చొక్కాతో మళ్లీ మైకు తీసుకున్నాడు.

"ఈవిడ నొక్కింది" అన్నాడు. "మూడుసార్లూ నొక్కే ఉంటుంది. మణికట్టు మీద ఇంకో రెండు పొరలు రబ్బరు నేనే వేయించుకున్నా, నాకు తెలియలేదు. పొరల వల్లేనని గంటలోనే తెలిసింది. తెలిసీ చెప్పలేదు. నొక్కలేదన్న మాట నాది. అందరూ అన్నారని ఈవిడ అంటోంది, అందరికీ చెప్పింది నేనే."

మేనేజరు మైకు తీసుకోబోయాడు. నాన్న ఇవ్వలేదు. ఆవిడ నవ్వు ఎక్కడికో పోయింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. దగ్గరకొచ్చి ఆయన ఎడమ చెయ్యి అందుకుని మణికట్టు పట్టుకుంది. గట్టిగా నొక్కింది. ఆగింది. నొక్కింది. ఆగింది. మూడోసారి నొక్కినప్పుడు గోళ్లు దిగడం మొదటి వరుసలో నాకు కనబడింది.

"తెలిసిందా?" అంది.

"తెలిసిందమ్మా."

"అయితే నేను మర్చిపోలేదు" అంది. మైకు నాన్న చేతిలోనే ఉండటంతో ఆ మాట హాలంతా వినపడింది. "నొక్కాను. నేను నొక్కాను."

జ్ఞాపిక తీసుకోలేదు. క్షమించాననీ అనలేదు. మెట్లు దిగి, కుర్చీల మధ్యగా నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయింది. ఈలలు వేసినవాళ్లు కాళ్లు ముడుచుకుని దారిచ్చారు.

ఇంటికి బస్సులో వచ్చాం. నాన్న మణికట్టు మీద గోళ్ల గుర్తులు ఎర్రగా ఉన్నాయి. వాటినే చూసుకుంటూ కూర్చున్నాడు. నేను కోటు ఒళ్లో పెట్టుకుని "నాన్నా, అప్పుడు బళ్లో, గొడుగు తెచ్చినప్పుడు..." అన్నాను.

"నువ్వు తడవలేదు కదా" అన్నాడు.

హాల్లో నేను తల అడ్డంగా ఊపడం ఆయనొక్కడే చూశాడు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, అనడు కూడా. అందుకే నేనే చెబుతున్నాను.